మరకల విభాగంలో మా వదిన చీలమండ

మనిషికి నొప్పి పుట్టించడం ప్రకృతి పని. ఆ నొప్పి నిజంగా ఉందని తేల్చడం ఆఫీసు పని. ప్రకృతి తన వంతు రెప్పపాటులో కానిచ్చేసి చేతులు దులుపుకుంటుంది, దానికి సంతకాలక్కర్లేదు. ఆఫీసు అలా కాదు, బాధ్యత ఎరిగినది. ఒక బెణుకును బెణుకు అని పిలిచే ముందు అది బాగా ఆలోచిస్తుంది, ఆలోచించినట్టు రాసుకుంటుంది, రాసుకున్నదాన్ని పై అంతస్తుకు పంపిస్తుంది. ఈలోగా బెణుకు తనంతట తానే తగ్గిపోయిందంటే అసలది మొదటినుంచీ లేదనే కదా! (తగ్గలేదంటే అది బెణుకు కాదు, అలవాటు.)

ఈ పరమ సత్యం నాకు మా వదిన చీలమండ వల్ల బోధపడింది.

మా వదిన ఒక పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల తువాళ్ళు, పెళ్ళి హాళ్ళ బల్లగుడ్డలు రోజూ లారీల్లో వచ్చి, మర్నాడు మల్లెపువ్వుల్లా తిరిగి వెళ్ళిపోతాయి. అందులో మడతల మిషన్ అని ఒకటుంది. ఒక మూతిలోకి దుప్పటిని అందిస్తే రెండో మూతిలోంచి నాలుగు మడతలై వస్తుంది. ఆ రెండో మూతి దగ్గర నిలబడే చోటు మా వదినది. పొడిగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, పక్కనే కిటికీ. ఆ చోటు కోసం ఆవిడ ఏళ్ళ తరబడి కింద తడిగదిలో వేళ్ళు ముడతలు పడేదాకా నానింది. ఇప్పుడు మూల వంకరగా వచ్చిన దుప్పటిని చూడకుండానే చేత్తో తడిమి పక్కన పడేస్తుంది. "ఆ మిషన్ నా మాట వింటుంది అబ్బాయ్, మీ అన్నయ్యకన్నా నయం" అంటుంది.

లాండ్రీలో ఒక నిబంధన ఉంది. పనికి రాని మనిషి చోటు వరసలో తర్వాతి మనిషికి పోతుంది. అయితే 'గుర్తింపు పొందిన చిన్న గాయం' ఉన్నవాళ్ళకు బాగయ్యేదాకా కుర్చీ పని ఇస్తారు, చోటు అలాగే అట్టేపెడతారు. ఎంత దయగల నిబంధన! ఇందులో చిక్కల్లా 'గుర్తింపు పొందిన' అన్న రెండు మాటల దగ్గరే ఉంది.

ఒకరోజు వదిన తడి దుప్పట్ల బండి తోసుకుంటూ వాలు మీదినుంచి దిగుతుంటే కాలు జారింది. పాదం లోపలికి తిరిగిపోయింది. కూర్చుంది, లేచింది, అడుగు వేసింది, "అమ్మా" అంది, ఇంకో అడుగు వేసింది. టీ వేళకు చీలమండ బయటి పక్క ఉబ్బి, చెప్పు పట్టీ పెట్టుకోవడానికి రాలేదు. వీధి మలుపులో ఉండే క్లినిక్కు కాంపౌండరు ఎముక మీద అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు, నడవమన్నాడు, చూశాడు.

"విరగలేదమ్మా. విరిగితే ఎముక మీద నొక్కగానే కేకపెట్టేదానివి, కాలు మీద బరువు వెయ్యలేకపోయేదానివి. కీలు దగ్గర ఎముకల్ని పట్టి ఉంచే పట్టీలు సాగాయి, అంతే. బెణుకు. గుడ్డలో చుట్టి ఐసు పెట్టు, ఈ కట్టు వేసుకో, కాలు ఎత్తు మీద పెట్టుకుని కొన్నాళ్ళు కూర్చో. నిలబడి పనిచేశావంటే మాత్రం ముదురుతుంది, ముందే చెబుతున్నా."

ఈ మొత్తం వ్యవహారం ఒక టీ తాగేంత సేపట్లో అయిపోయింది. నాకైతే ఆ తొందర ఏమాత్రం నచ్చలేదు. ఒక మనిషి కాలి గురించి పై అధికారిని సంప్రదించకుండా మరో మనిషి అంత గబుక్కున అభిప్రాయానికి రావచ్చునా?

లాండ్రీ వాళ్ళకూ నచ్చలేదు. కాంపౌండరు బయటివాడు. చిన్న గాయాలను గుర్తించే అధికారం లాండ్రీలో ఒక్క మరకల విభాగానికే ఉంది.

మరకల విభాగానికి ఎందుకుంది అని మీరడుగుతారు. పని జరిగే ప్రతి చోటా చిన్న గాయాలను గుర్తించే విభాగం ఒకటి ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మేనేజరు భవనమంతా కలయతిరిగి, ఒక వస్తువును చూసి దానికేం జరిగిందో చెప్పగల మనిషి ఎవరా అని వెతికాడు. అలాంటివాడు ఒక్కడే దొరికాడు, మరకల మాస్టారు. ఆయన గుమ్మంలో నిలబడే బల్ల మీది మచ్చను చూసి టీనా కాఫీనా చెప్పగలడు. టీ అయితే పాలు పోశారో లేదో కూడా చెబుతాడు. మేనేజరు తర్కం సూటిగా సాగింది. కమిలిన దెబ్బ అంటే ఒంటి మీద ఒకచోట రంగు మారడం, రంగు మారడాన్ని మరక అంటారు, కాబట్టి ఫైలు అక్కడికి పంపండి. మాస్టారికి ఒక మధ్యాహ్నం శిక్షణ కూడా ఇప్పించారు. (అందులో సగం భోజన విరామం.)

విభాగానికి వెళ్ళేటప్పుడు గాయపడిన మనిషి వెంట ఒక సాక్షి ఉండాలి. ఆ సాక్షి ప్రమాదాన్ని చూసి ఉండకూడదు. చూసినవాళ్ళు ఆవేశపడతారట, నిష్పాక్షికత దెబ్బతింటుందట. నేను ఆ సమయంలో ఇంట్లో నిద్రపోతున్నాను కాబట్టి అన్ని అర్హతలూ ఉన్న సాక్షినయ్యాను.

మరకల గది పై అంతస్తులో ఉంది. (కాలు బెణికినవాళ్ళు మెట్లెక్కి రాగలిగితే బెణకలేదని అర్థం, రాలేకపోతే దరఖాస్తు చేసుకోలేదని అర్థం.) తెల్ల రాయి పరిచిన బల్ల, దాని మీద దీపం, గూట్లో నిమ్మ ఉప్పు, వెనిగరు, రకరకాల బ్రష్షులు. గోడమీద మరకల పట్టిక. కొత్త బాధ్యతకు తగ్గట్టు దాని మీద చిన్న చిన్న కాగితాలు అంటించారు. 'సిరా' మీద 'కొత్త దెబ్బ' అనీ, 'కాఫీ' మీద 'పాత దెబ్బ' అనీ, 'తుప్పు' మీద 'గీరుకున్నది' అనీ రాసి ఉంది.

మాస్టారు మంచి మనిషి. మందపాటి కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. వదిన పాదాన్ని తెల్ల బల్ల మీద పెట్టించి, దీపం దగ్గరికి లాగి, చాలాసేపు చూశాడు.

"రంగేదమ్మా?"

"ఇంకా రాలేదు మాస్టారూ. వాచింది, చూడండి."

"వాపంటే లోపల తడి. తడి మా కిందికి రాదు. ఆరాక తీసుకురండి."

"ఆరాకా?"

"మరి తడి వస్తువు మీద మేమేం రాస్తామమ్మా? రేపు ఇంకోలా కనిపిస్తుంది. నా సంతకానికి విలువుండొద్దూ?"

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు నాకు. తప్పు కనిపించకపోవడమే నన్ను కొంచెం భయపెట్టింది.

వదిన తిరిగి వెళ్ళి మిషన్ దగ్గర నిలబడింది. ఇంటికొచ్చాక కాలు దిండు మీద పెట్టి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టింది. అన్నయ్య చూసి, "మానెయ్ ఆ ఉద్యోగం, పీడా పోతుంది" అన్నాడు. వదిన ఒంటికాలి మీద లేచింది. (ఉన్నది ఆ ఒక్క కాలే.)

"మానేస్తే మీరొచ్చి మడతపెడతారా దుప్పట్లు? ఇంట్లో తువాలు ఆరేయడం రాదుగానీ, చెప్పొచ్చారు!"

అన్నయ్య టీవీ గొంతు పెంచుకున్నాడు.

రెండో దర్శనంలో ఐసు సంగతి బయటపడింది. మాస్టారు పాదాన్ని ముట్టుకుని ఉలిక్కిపడ్డాడు.

"చల్లగా ఉందేమిటి? పరీక్షకు ముందే నానబెట్టారా?"

"ఐసు పెట్టమన్నాడు సార్ కాంపౌండరు. వాపు తగ్గుతుందని."

"తగ్గాక నేనేం చూడాలమ్మా? పరీక్షకు ముందు ఉతకకూడదని కింద బోర్డు కూడా పెట్టాం కదా. ఆధారం పాడుచేసుకున్నావు." ఆయన నిజంగా బాధపడ్డాడు. ఎవరో పట్టుచీరను వేడినీళ్ళలో ముంచేశారన్నంత బాధ.

అయినా ఆయన వెనకాడలేదు. ఆ రోజుకు రంగు వచ్చింది మరి. ఊదా రంగు, మంచి చిక్కటిది. అయితే అది చీలమండ మీద రాలేదు, కిందికి దిగి మడమ అంచున, పాదం పక్కన కనిపించింది.

"నొప్పెక్కడ?"

"ఇక్కడ మాస్టారూ."

"మరకెక్కడ?"

"కింద."

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నొప్పి ఒకచోట, మరక ఒకచోట. ఇవి రెండూ వేరువేరు వస్తువులవి. కలిసిపోయినట్టున్నాయి."

"రెండూ నావే సార్! లోపల కారిన రక్తం మెల్లిగా కిందికి జారుతుందట."

"బట్ట మీద కాఫీ ఒలికితే ఒలికినచోటే ఉంటుంది కదమ్మా?"

"బట్ట పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ ముందు నిలబడదు కదా సార్."

మాస్టారి జీవితంలో నిలబడిన బట్ట ఎదురవడం ఇదే మొదటిసారి. ఆయన నిజాయితీపరుడు కాబట్టి తెలియదని ఒప్పుకుని, 'మరక ప్రయాణించునా?' అన్న ప్రశ్నను రాసి పై అంతస్తుకు పంపించాడు. భవనానికి పై అంతస్తు అదే. (ప్రశ్న డాబా మీద ఉందని వినికిడి.)

ఇలా వదిన ఒక్కతే ఇబ్బంది పడిందనుకుంటే పొరపాటు. లారీ నడిపే బాబాయికి బస్తా ఎత్తేటప్పుడు పిక్కలో కండరం లాగేసింది. మనిషి మెట్టు దిగాలంటే పక్కకు తిరిగి పీతలా దిగుతున్నాడు. కండరం లాగితే పైకి రంగేమీ రాదు. మాస్టారు పిక్కను దీపం కింద తిప్పి తిప్పి చూసి, 'శుభ్రం, వాడుకకు యోగ్యం' అని రాసిచ్చాడు. బాబాయి ఆ కాగితం జేబులో పెట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి లారీ ఎక్కాడు. లారీల దగ్గర నిలబడి లెక్కలు రాసే అమ్మాయికి మోచేతి కింద పెన్ను కారింది. అదే అదనుగా, గోడకు తగిలిందని చెప్పి పైకెళ్ళింది. 'కొత్త దెబ్బ' అని అక్కడికక్కడే రాసిచ్చారు. ఆ అమ్మాయి ఎంచక్కా కుర్చీలో కూర్చుని గుండీలు కుట్టింది, సబ్బుతో చెయ్యి కడుక్కునేదాకా.

దాంతో లాండ్రీలో వైద్యశాస్త్రమే తలకిందులైంది. దెబ్బ తగిలినవాళ్ళు ఐసు పేరెత్తితే మండిపడుతున్నారు. వాపును చంటిపిల్లలా కాపాడుకుంటున్నారు. మోకాలు కమిలిన ఒకాయన పరీక్షరోజుకు రంగు పాలిపోతుందేమోనని దిగులుపడి, భార్యచేత అక్కడే ఇంకొకటి కొట్టించుకున్నాడట. ఆవిడ ఏమాత్రం అభ్యంతరం చెప్పలేదట.

వదిన కాలు మాత్రం కాంపౌండరు చెప్పినట్టే ముదిరింది. సాయంత్రానికి చీలమండ ఎక్కడుందో పిక్క ఎక్కడుందో తెలియడం లేదు. ఒకరోజు లాండ్రీ నుంచి ఇంటికి నడిపించుకొస్తుంటే దారిలో అరుగు మీద కూలబడిపోయింది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, ఆ రోజు నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నాకు భయమేస్తోంది అబ్బాయ్. కాలికేముంది, ఇవాళ కాకపోతే రేపు తగ్గుతుంది. ఇంట్లో కూర్చుంటే ఆ చోటు పోతుంది. కూర్చోకపోతే కాలు పోతుంది. మళ్ళీ ఆ తడిగదికి నేను వెళ్ళలేను. నావల్ల కాదు."

వ్యవస్థల మీద నాకున్న గౌరవం ఆ అరుగు మీద కాసేపు పక్కన పెట్టి, మరకల మాస్టారినీ, మేనేజరునీ, డాబా మీది ప్రశ్ననూ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన కళ్ళు తుడుచుకుని, "ఆ మాటలన్నీ ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

పరిష్కారం ఇస్త్రీ అక్క చూపించింది. ఆవిడ లాండ్రీలో అందరికన్నా పాత మనిషి, ఆవిరి పెట్టెకన్నా పాతది.

"పిచ్చిమొహమా, రంగే కదా ఆయనకి కావాల్సింది? తెల్ల దుప్పట్లకి వేసే నీలిమందు తొట్టెడు ఉంది. నొప్పి ఉన్నచోట కాస్త అద్దుకో. అబద్ధమేముంది ఇందులో? దెబ్బ నిజం, చోటు నిజం. రంగు ఒక్కటే అప్పు."

వదిన ఒప్పుకోలేదు. తర్వాత కాలు నేలకానించి చూసుకుంది. ఒప్పుకుంది.

మూడో దర్శనం. నీలంగా మెరిసిపోతున్న చీలమండను చూడగానే మాస్టారి మొహం విచ్చుకుంది. భూతద్దం తీశాడు. వంగాడు. వాసన చూశాడు. వేలితో అంచు తడిమాడు. నేను గోడకు అంటుకుపోయాను.

"నీలిమందు," అన్నాడు మాస్టారు మెత్తగా. "మనదే. వెనక తొట్టిది. కొంచెం పలచన చేసి అద్దారు."

అయిపోయింది, చోటే కాదు, పని కూడా పోయిందనుకున్నాను. కానీ ఆయనకు కోపం రాలేదు. నీలిమందు ఎలా వచ్చిందన్న ప్రశ్నే ఆయన బుర్రకు తట్టలేదు. మరక ఎందుకు పడింది, ఎవరు పోశారు అని ఆయన జీవితంలో ఎవరినీ అడగలేదు మరి.

"భయపడకమ్మా. ఎంతసేపు? తీసేస్తాను."

వెనిగరు కలిపిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, అంచుల నుంచి నడిమికి, అచ్చం పాఠం చెబుతున్నట్టు తుడిచాడు. నీలం పోయింది. నీలిమందు పూసుకుని పిలుపు కోసం ఆగిన ఇన్నాళ్ళూ నిలబడి నిలబడి కమిలిన అసలు దెబ్బ దాని కింద బయటపడింది. ఊదా, ఆకుపచ్చ, పసుపు, సరిగ్గా చీలమండ మీదే. మాస్టారు మళ్ళీ తుడిచాడు. పోలేదు. నిమ్మ ఉప్పు వేశాడు. వదిన "అబ్బా!" అంది. పోలేదు. చిన్న బ్రష్షు అందుకున్నాడు. వదిన నా చెయ్యి నలిపేసింది. అయినా పోలేదు.

చివరికి ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, ఆ చీలమండను గౌరవంగా చూశాడు.

"ఇది పోయే మరక కాదు" అన్నాడు. కాగితం తీసి 'మొండి మరక' అని రాసి, ముద్ర వేశాడు.

గుర్తింపు! వదిన నవ్వింది, ఏడ్చింది, మెట్లన్నీ కూర్చుని కూర్చుని దిగింది. సూపర్‌వైజరు కాగితం చదివి, కుర్చీ చూపించాడు. ఆ కుర్చీ వెనకవైపు పాత గుడ్డల గదిలో ఉంది. ఏం చేసినా మరక పోని దుప్పట్లన్నీ అక్కడికే చేరతాయి, వాటిని తుడుపు గుడ్డలుగా కత్తిరిస్తారు. వదిన తువాళ్ళ కట్ట మీద కాలు పెట్టుకుని, కత్తెర పట్టుకుని హాయిగా కూర్చుంది. కూర్చుంటే తగ్గుతుందని కాంపౌండరు అన్నాడు. కూర్చుంది, తగ్గింది. వాపు పోయింది, రంగు పోయింది, చెప్పు పట్టీ పట్టింది.

ఒక సోమవారం పొద్దున్నే వదిన జడ బిగించుకుని మడతల మిషన్ దగ్గరికి వెళ్ళింది. అక్కడ వేరే ఆవిడ నిలబడి ఉంది.

"మొండి మరక అని రాశారు కదమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. "అలాంటివి మళ్ళీ ఇటు పంపడం ఉండదు. చోటు అట్టేపెట్టేది పోయే మరకలకే. ఒకసారి పాత గుడ్డల్లోకి వెళ్ళినదాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. పైన అడుగు."

పైన అడిగాం. వదిన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది, నేనే వెనకబడ్డాను. తెల్ల బల్ల మీద కాలు పెట్టించి మాస్టారు దీపం దగ్గరికి లాగాడు. ఎంత వెతికినా రంగు లేదు. ఆయనకు సంతోషమేసింది.

"చాలా శుభ్రంగా ఉందమ్మా!"

"అదే రాసివ్వండి మాస్టారూ. గాయం తగ్గిందని. నా మిషన్ నాకిస్తారు."

మాస్టారి చెయ్యి కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మాది గాయాలను గుర్తించే విభాగమమ్మా. మరక లేని వస్తువు ఈ బల్ల మీదికే రాకూడదు. బాగున్నవాళ్ళని గుర్తించాలంటే దానికి వేరే విభాగం ఉండాలి. మన దగ్గర లేదు."

"మరి నేనేం చెయ్యాలి సార్?"

ఆయన నిజంగా ఆలోచించాడు. ఆ మనిషిలో కల్మషం లేదు, అది నేను ఎక్కడైనా చెబుతాను. కాసేపటికి మొహం వెలిగింది.

"పాత మరక మీద కొత్త మరక పడితే మళ్ళీ కొత్తగా రాయొచ్చు. ఈసారి దెబ్బ తగిలితే సరాసరి నా దగ్గరికే రా. 'పోయే మరక' అనే రాస్తాను. నీ చోటు నీకొచ్చేస్తుంది."

వదిన ఆయనకు దండం పెట్టింది. బయటికొచ్చాం. అప్పుడే ఎవరో మెట్లు కడిగి వెళ్ళారు, పైనుంచి కిందిదాకా సబ్బునీళ్ళు మెరుస్తున్నాయి.

"జారుతుంది వదినా, చెయ్యి పట్టుకో" అన్నాను.

"వద్దులే" అంది.